ఆది జాకెట్టు నుంచి కథ దాకా: నమ్మదగిన పాత్రనూ, నిలబడే సంఘర్షణనూ కట్టుకునే పద్ధతి

నా తొలి కథల్లో ఒకదానిలో ఒక మామగారు ఉండేవారు. కట్నం కోసం కోడలిని వేధించే మనిషి. కథ చదివిన ఒక పెద్దావిడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆయన రాత్రి భోజనం అయ్యాక ఏం చేస్తాడు?" నా దగ్గర జవాబు లేదు. అరిచినంతసేపే ఆయన కథలో ఉన్నాడు. అరవడం ఆపగానే మాయమైపోయాడు. అంటే నేను రాసింది మనిషిని కాదు, ఒక అరుపును. ఆ ప్రశ్న తర్వాతే కథలో మనిషిని ఎలా నిలబెట్టాలో నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఇన్నేళ్లలో నాకు తేలింది ఇది. మనిషి ఏం దాచుకుంటాడో తెలిస్తే పాత్ర దొరుకుతుంది. దాన్ని ఇక దాచలేని పరిస్థితి తెస్తే సంఘర్షణ దొరుకుతుంది. ఈ రెండూ వేర్వేరు పనులు కావు. చాలామంది పాత్రను ఒక కాగితం మీద, కథాంశాన్ని ఇంకో కాగితం మీద రాసుకుని తర్వాత రెండింటినీ అతకాలని చూస్తారు. ఆ అతుకు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది.

మాటల్లో చెబితే ఇది గాలిలో ఉండిపోతుంది కాబట్టి, ప్రస్తుతం నేను రాస్తున్న ఒక కథనే మీ ముందు విప్పుతాను. తెనాలిలో ఒక సందు మొదట్లో చిన్న కొట్టు. రెండు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. యాభై ఎనిమిదేళ్ల టైలరు వీరాస్వామి. ప్రస్తుతానికి ఇంతే.

మొదటి అడుగు: మనిషిని పనిలో పెట్టి చూడండి

పాత్ర అనగానే వయసు, ఎత్తు, రంగు, చదువు, ఇష్టమైన కూర అంటూ జాబితా రాసుకోమని చాలామంది చెబుతారు. నేను చేయను. ఆ జాబితా మనిషిని ఇవ్వదు, దరఖాస్తు ఫారాన్ని ఇస్తుంది. నేను చేతులతో మొదలుపెడతాను. ఈ మనిషి చేతులు రోజంతా ఏం చేస్తాయి? ఆ పనిలో ఆయనకు మాత్రమే తెలిసిన కిటుకు ఏమిటి?

వీరాస్వామి కొట్టులో గోడకు వరసగా మేకులు. వాటికి ఆది జాకెట్లు వేలాడుతుంటాయి. మన ఊళ్లలో ఆడవాళ్లు కొలతలు ఇవ్వరు, ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి వెళతారు. టైలరు దాన్ని బల్ల మీద పరిచి భుజం, చంక, నడుము, చేతి పొడవు అందులోనుంచే తీసుకుంటాడు. ఒక్కో ఆది జాకెట్టు ఏళ్ల తరబడి కొట్టులోనే ఉండిపోతుంది. మనిషి లావైతే ఆది మారుతుంది, పెళ్లై వెళ్లిపోతే మేకు ఖాళీ అవుతుంది. ఆ గోడ ఆ వీధి ఆడవాళ్ల చరిత్ర. ఈ ఒక్క వివరం దొరికిన రోజే నాకు కథ ఉందని తెలిసింది. ఎందుకంటే ఇది వర్ణన కాదు. ఆ గోడను చదవగలిగినవాడు ఒక్కడే, ఆ చదవడమే అతని గౌరవం.

ఇలాంటివి ఇంట్లో కూర్చుని ఊహిస్తే రావు. ఏదైనా కొట్టుకు వెళ్లి, అనుమతి అడిగి, రెండు మూడు గంటలు ఒక మూల కూర్చోండి. "మీ పని గురించి చెప్పండి" అని మాత్రం అడగకండి. అలా అడిగితే అందరూ ఇంటర్వ్యూలో చెప్పినట్టు చెబుతారు. "ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు ఏమిటి?" అని అడిగి చూడండి, మనిషి వెంటనే లేచి చేతులతో చూపిస్తాడు. జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించేయడం. తర్వాత వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదలకపోవడం. పట్టు గుడ్డ అంచు ఎటు రావాలో చూసుకోకుండా కత్తెర వేయడం. ఈ మూడు తప్పుల్లో ఏదో ఒకటి మీ కథలో కీలకమైన చోట పనికొస్తుంది. అడిగే రెండో ప్రశ్న: "ఎలాంటి గిరాకీ వస్తే మీకు కోపం వస్తుంది?" దీనికి వచ్చే జవాబులో ఆ మనిషి విలువలన్నీ ఉంటాయి.

పేరు, రూపం గురించి ఒక్క మాట. ఆ వయసుకూ, ఆ ఊరికీ, ఆ ఇంటికీ తగిన పేరు పెట్టండి, ఒక కథలో రెండు పేర్లు ఒకే అక్షరంతో మొదలు కాకుండా చూసుకోండి. రూపానికి ఒక్క గుర్తు చాలు. వీరాస్వామి మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, పెళ్లిభోజనానికి వెళ్లినా తీయడం మరిచిపోతాడు. కనుబొమల వర్ణన పాఠకుడికి అక్కర్లేదు.

రెండో అడుగు: కోరిక, దాని కింద భయం, ఆ రెంటినీ కప్పే అబద్ధం

ఇక్కడ తొందరపడకండి. కథలు ఎక్కువగా ఈ దశలోనే చెడిపోతాయి.

కోరిక కంటికి కనబడేది కావాలి. "ఆయన గౌరవంగా బతకాలనుకుంటాడు" అన్నది కోరిక కాదు, అది ఎవరికైనా వర్తిస్తుంది. వీరాస్వామి కోరిక: కటింగ్ బల్ల దగ్గర కత్తెర తన చేతిలోనే ఉండాలి. కుట్టడం ఎవరైనా కుట్టవచ్చు, కాజాలు కుర్రాళ్లు తీయవచ్చు, ఫాల్, పికో మిషన్ చేసేస్తుంది. కత్తెర పట్టినవాడే మాస్టారు. ఈ కోరికను మీరు ఫోటో తీయగలరు.

దాని కింద భయం. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. ఇక్కడ జబ్బు పేరు రాసి ఊరుకుంటే కథ చచ్చిపోతుంది. జబ్బు ఆ పనిలో ఎలా కనబడుతుందో రాయాలి. శుక్లం వచ్చిన కంటికి ప్రపంచం మంచులోంచి చూసినట్టు ఉంటుంది. రాత్రిపూట బల్బు చుట్టూ వెలుగు వలయం కనబడుతుంది. రంగులు వెలిసిపోయి, కాస్త పసుపు తిరిగి కనబడతాయి. ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. ఈ చివరి వివరం టైలరుకు ప్రాణాంతకం. ముదురు నీలం జాకెట్టుకు నల్ల దారం వేస్తాడు, కొట్టులో ఎవరూ గుర్తించరు, గుమ్మం దాటి ఎండలోకి వెళ్లగానే బయటపడుతుంది.

ఇక అబద్ధం. భయం ఉన్న ప్రతి మనిషీ తన చుట్టూ ఒక చిన్న అబద్ధం అల్లుకుంటాడు. అది ఇతరులతో కన్నా తనతోనే ఎక్కువగా చెప్పుకుంటాడు. వీరాస్వామి అబద్ధం: "ఈ కొట్టులో వెలుతురు చాలదు." రెండు నెలల్లో మూడు సార్లు బల్బు మార్పించాడు. కరెంటు వాళ్లను తిట్టాడు. ఎదురుగా లేచిన మూడంతస్తుల మేడను తిట్టాడు. పాఠకుడికి శుక్లాల సంగతి మీరు చెప్పనక్కర్లేదు, మూడో బల్బు దగ్గర అతనికే అర్థమవుతుంది. అలా అర్థం చేసుకున్న క్షణంలో అతను వీరాస్వామి పక్కన వచ్చి నిలబడతాడు. మీరే చెప్పేస్తే అతను బయటే ఉండి జాలిపడతాడు. జాలి చాలా తక్కువసేపు నిలిచే భావం.

ఈ దశలో నేను చేసే అభ్యాసం ఒకటుంది. పాత్ర చేత ఒక ఫిర్యాదు రాయిస్తాను, ఒక పేజీ, ఆయన గొంతులోనే. అది కథలోకి రాదు. వీరాస్వామి ఎదుటి మేడ యజమాని మీద రాసిన ఫిర్యాదులో మూడు వాక్యాల తర్వాత మేడను వదిలేసి, ఈ కాలం గుడ్డ నాణ్యత మీదికి వెళ్లాడు, అక్కడినుంచి తన దగ్గర పని నేర్చుకుని పోయి సొంత కొట్టు పెట్టుకున్నవాళ్ల మీదికి వెళ్లాడు. నేను అనుకోని దారి అది. ఆయనకు చీకటి భయం కాదని, తనను మరిచిపోతారన్నది భయమని నాకు ఆ పేజీలోనే తెలిసింది.

మూడో అడుగు: తేలిక దారులన్నీ మూసేయండి

ఇక్కడ పాఠకుడు అడిగే ప్రశ్న మీకు వినబడాలి: "శుక్లాలైతే ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా?"

ఇది న్యాయమైన ప్రశ్న. ఇవాళ శుక్లాల ఆపరేషన్ చిన్నది. చాలామంది ఆ రోజే ఇంటికి వచ్చేస్తారు. ఊళ్లలో ఉచిత కంటి శిబిరాలూ జరుగుతాయి. ఈ ప్రశ్నకు కథలో జవాబు లేకపోతే మీ సంఘర్షణ మొత్తం ఒక ఫోన్ కాల్‌తో తీరిపోయేదని పాఠకుడికి తెలిసిపోతుంది, పుస్తకం మూసేస్తాడు. ప్రతి కథకూ ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుంది. విడిపోవచ్చు కదా? నిజం చెప్పేయవచ్చు కదా? ఊరు వదిలి వెళ్లిపోవచ్చు కదా? మీ కథకు ఆ ప్రశ్న ఏదో కాగితం మీద రాయండి. తర్వాత దానికి జవాబు వెతకండి.

జవాబు రెండు చోట్ల దొరుకుతుంది, పరిస్థితిలోనో మనిషిలోనో. "డబ్బు లేదు", "ఆసుపత్రి దూరం" అన్నవి పరిస్థితి ఇచ్చే జవాబులు. అవి బలహీనం, ఎందుకంటే ఎవరో ఒకరు డబ్బిస్తే కథ అయిపోతుంది. జవాబు మనిషిలోంచి రావాలి. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు కంటికి శ్రమ ఇవ్వకూడదు. ఆ కొన్ని వారాలు కటింగ్ బల్ల దగ్గర మేనల్లుడు రవి నిలబడతాడు. రవి బాగా కత్తిరిస్తాడు. వీరాస్వామి భయం అదే: రవి చెడగొడతాడని కాదు, బాగా చేస్తాడని. చూపు తిరిగి వచ్చేసరికి ఆ గోడ మీది ఆది జాకెట్లు ఇంకొకరి చేతికి అలవాటుపడి ఉంటాయని.

ఇప్పుడు డబ్బు ఎవరిచ్చినా ఆయన వెళ్లడు. దారి మూసుకుంది, మూసినవాడు ఆయనే. సంఘర్షణ నిలబడడమంటే ఇదే. కథ రాసేటప్పుడు పాత్రను చుట్టుముట్టడానికి కష్టాల మీద కష్టాలు తెచ్చిపడేసేవాళ్లను చూస్తుంటాను: జబ్బు, అప్పు, కూతురి కాపురం, వాన, ప్రమాదం. కష్టాల సంఖ్య పెరిగే కొద్దీ నమ్మకం తగ్గుతుంది. ఒక్క కష్టాన్ని తీసుకుని దాని తలుపులన్నీ మూయండి, చాలు.

నాలుగో అడుగు: ఎదురు నిలబడినవాళ్లకూ న్యాయం ఉండాలి

నా తొలి కథలోని మామగారి పాత్ర పడిపోయింది ఇక్కడే. చెడ్డవాడితో మంచివాడి పోరులో పాఠకుడికి ఆలోచించాల్సిన పని లేదు. ఎవరి పక్షమో ముందే తేలిపోయింది. ఇద్దరి మాటా నిజమైనప్పుడే గుండె పట్టుకుంటుంది.

దీనికి మనందరికీ చిన్నప్పటినుంచి తెలిసిన ఉదాహరణ ఉంది. యుద్ధం ఖాయమయ్యాక కుంతి కర్ణుడి దగ్గరికి వస్తుంది. నీవు నా కొడుకువి, అటు వెళ్లకు అంటుంది. తల్లిగా ఆమె అడగడం తప్పు కాదు. పుట్టగానే వదిలేసిన తల్లి ఇవాళ వచ్చిందెందుకని కర్ణుడు అడగడం అంతకన్నా తప్పు కాదు. తనను ఆదరించిన దుర్యోధనుణ్ణి విడవనంటాడు, అయినా ఆమెను వట్టి చేతులతో పంపడు, అర్జునుడిని తప్ప మిగతా నలుగురినీ చంపనని మాట ఇస్తాడు. నీకు ఐదుగురు కొడుకులే మిగులుతారంటాడు. ఇద్దరూ ప్రేమతోనే ఉన్నారు, ఇద్దరూ నష్టపోయే వెళతారు. ఎవరినైనా ఒకరిని దుర్మార్గులుగా మార్చి చూడండి, ఆ ఘట్టం కుప్పకూలిపోతుంది.

మన టైలరు కథకు వస్తే, రవి మామయ్య కుర్చీ లాక్కునే కుట్రదారు కాకూడదు. తొమ్మిదేళ్లుగా ఆ కొట్టులో ఉన్నాడు. పెళ్లి సంబంధాలు వస్తున్నాయి, "ఏం చేస్తాడు?" అని అడిగితే "మామయ్య దగ్గర కాజాలు తీస్తాడు" అని చెప్పాల్సి వస్తోంది. మామయ్య తప్పులను రాత్రిపూట తానే విప్పి కుడుతున్నాడు, ఎవరికీ చెప్పడం లేదు. అతనికి దక్కాల్సిన గుర్తింపు అతనికి దక్కడం లేదు. రవి వైపునుంచి మొత్తం కథను పది వాక్యాల్లో రాసి చూడండి. అందులో అతనే కథానాయకుడు కావాలి, ఏ వాక్యంలోనూ అతను తనను తాను చెడ్డవాడిగా చూపించుకోకూడదు. ఆ పది వాక్యాలు రాయలేకపోయారంటే ఆ పాత్ర మీకు ఇంకా తెలియలేదన్నమాట.

మూడో మనిషి, భార్య సుశీల. ఆమె ఏమీ అడగదు. కానీ రోజూ రాత్రి పడుకునే ముందు పది సూదుల్లో రంగు రంగుల దారాలు ఎక్కించి, మిషన్ పక్కనున్న చిన్న దిండుకు వరసగా గుచ్చి పెడుతుంది. ఉదయం వీరాస్వామి వచ్చి సూది తీసుకుంటాడు. ఆయన ఆమెకు చెప్పలేదు, ఆమె ఆయనను అడగలేదు. కథలో ఎవరికి ఏం తెలుసు, తెలిసినట్టు ఎవరు బయటపడనీయరు అన్నది ఒక పట్టికగా రాసుకోండి. ఒకే ఇంట్లో నలుగురికి ఒకే నిజం తెలిసి ఉండి, ఆ నిజం తమకొక్కరికే తెలుసని ప్రతివారూ అనుకుంటే, అక్కడ గొడవ పెట్టుకోకుండానే గాలి బిగుసుకుంటుంది.

ఐదో అడుగు: ఒక వస్తువు, ఒక గడువు

ఇప్పటిదాకా ఉన్నది పరిస్థితి. ఇది ఏళ్లు గడిచినా ఇలాగే ఉండగలదు. కథ కావాలంటే ఆయన చేత ఎంపిక చేయించాలి. ఎంపిక చేయించేది గడువు, ఎంపికకు రూపం ఇచ్చేది వస్తువు.

మాఘమాసం, పెళ్లి ముహూర్తాలు. అనసూయ అనే అమ్మాయి వస్తుంది. ఆమె తల్లి చనిపోయి రెండేళ్లైంది. తల్లి పెళ్లి పట్టుచీరలోంచి తన పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవాలని తెచ్చింది. చీర చాలా చోట్ల చిరిగిపోయి, బాగున్న ముక్క ఒక్క జాకెట్టుకే సరిపోతుంది. "అమ్మ జాకెట్లన్నీ మీరే కుట్టారు మాస్టారూ, ఇది మీ చేతి మీదుగానే జరగాలి" అంటుంది. గోడ మీద తల్లి ఆది జాకెట్టు ఇంకా వేలాడుతూనే ఉంది, ఆయన తీసేయలేదు.

కుట్టు తప్పితే విప్పవచ్చు. కత్తెర తప్పితే ఆ గుడ్డ ఇక లేదు. ఆ పట్టును రవికి ఇస్తే తన సంగతి ఊరికి తెలుస్తుంది, ఆ అమ్మాయికి ఇచ్చిన మాటా పోతుంది. తనే కత్తిరిస్తే చనిపోయిన మనిషి చివరి గుర్తు పాడైపోవచ్చు. వస్తువును ఎంచుకునేటప్పుడు ఇదే చూడండి: దానికి రెండో అవకాశం ఉండకూడదు. దుకాణంలో మళ్లీ కొనగలిగే వస్తువు చుట్టూ కథ కట్టకండి.

బయటి ఉపద్రవాన్ని సంఘర్షణగా పొరబడడం ఈ దశలో తరచూ జరుగుతుంది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' చదవండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. పేరులోనే గాలివాన ఉన్నా, కథ తుఫాను గురించి కాదు. జీవితాన్ని నియమాలుగా అమర్చుకున్న రావుగారు రైలులో ఒక బిచ్చగత్తెను చిరాకుగా చూస్తారు. తుఫాను రాత్రి చిన్న స్టేషనులో చిక్కుకుపోయినప్పుడు ఆయనకు దగ్గరగా మిగిలిన మనిషి ఆమే. గాలి చేసిన పని ఆయన నియమాలను ఎగరగొట్టి, లోపలున్న మనిషిని బయటికి తేవడం. మరెవరో నిర్భయంగా ఉండే మనిషిని ఆ స్టేషనులో పెట్టి ఉంటే అది వాతావరణ వార్త అయ్యేది. మీ కథలోకి వాన, వరద, ప్రమాదం తెచ్చే ముందు ఇది అడగండి: ఇది ఈ మనిషికే ఎందుకు ఇంతగా తగులుతుంది?

కథ నడుమ నీరసపడడం గురించి. నాట్యశాస్త్రం ఇతివృత్తానికి ఐదు దశలు చెప్పింది: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. వీటిలో నాకు ఎంతో ఉపయోగపడింది మూడోది. ప్రాప్త్యాశ అంటే దొరుకుతుందేమోనన్న ఆశ. కథ మధ్యలో మనం పాత్రను కష్టపెడుతూనే పోతాం, ఆశ పెట్టడం మరిచిపోతాం. వీరాస్వామికి ఒక మంచి ఉదయం ఇచ్చాను. ఎండ సూటిగా బల్ల మీద పడిన గంటలో ఆయన మామూలు నూలు జాకెట్టు ఒకటి తప్పు లేకుండా కత్తిరిస్తాడు. చెయ్యి గుర్తుపెట్టుకుంది, కన్ను అవసరం లేదనుకుంటాడు. ఆ నమ్మకంతోనే పట్టు గుడ్డను చేతిలోకి తీసుకుంటాడు. ఆ ఉదయం లేకపోతే ఆయన నిర్ణయం మూర్ఖత్వంలా కనబడుతుంది. అది ఉండడం వల్ల మనమూ ఆయనతో పాటు ఆశపడతాం.

ఆరో అడుగు: మాటలో అసలు మాట ఉండకూడదు

మొదటి చిత్తుప్రతిలో రవికీ వీరాస్వామికీ మధ్య ఇలా రాశాను:

"రవీ, నా చూపు తగ్గిందని నువ్వు నా స్థానం తీసుకోవాలని చూస్తున్నావు."

"లేదు మామయ్యా, మీ ఆరోగ్యం గురించే నా బాధ."

ఇద్దరూ మనసులోది మొత్తం చెప్పేసుకున్నారు. ఇక వాళ్లకు కథ అవసరం లేదు. నిజ జీవితంలో మనం ముఖ్యమైన విషయం చుట్టూ తిరుగుతాం, దాన్ని ముట్టుకోం. తిరగరాసింది ఇది:

"మామయ్యా, ఆ నీలం జాకెట్టుకు హుక్కులు నేను కుట్టేస్తాను."

"నీలం కాదు, నలుపు."

రవి జాకెట్టు వైపు చూశాడు. "అవును, నలుపే."

"బల్బు మార్చమని నిన్ననే చెప్పాను."

"మారుస్తాను."

చూపు అన్న మాట లేదు. స్థానం అన్న మాట లేదు. రవి ఒప్పుకున్న ఆ ఒక్క అబద్ధంలో అతని ప్రేమ, ఓటమి, కోపం మూడూ ఉన్నాయి. సంభాషణ రాశాక ఇలా సరిచూసుకోండి: ఆ గొడవ అసలు దేని గురించో ఆ పదం మీద వేలు పెట్టి, దాన్ని పాత్రల నోటినుంచి తీసేయండి. తీసేసినా పాఠకుడికి అర్థమవుతుంటే అది మంచి సంభాషణ.

ఇంకొకటి, ఎవరి మాట వారిదిగా ఉండాలి. 'కన్యాశుల్కం'లో పేర్లు మూసేసి ఒక పేజీ చదివినా మాట్లాడేది గిరీశమో, రామప్ప పంతులో, మధురవాణో చెప్పగలం. గిరీశం ఇంగ్లీషు ముక్కలు విసిరేది జ్ఞానం కోసం కాదు, ఎదుటివాడిని తికమకపెట్టి తన ఖాళీని కప్పుకోవడానికి. అంటే మాటతీరు కూడా ఆయన దాచుకునేదానిలోంచే పుట్టింది. మాటతీరు అనగానే యాసను గుప్పించనక్కర్లేదు. వీరాస్వామి ఏ ప్రశ్నకూ నేరుగా జవాబివ్వడు, తేదీ చెబుతాడు. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అంటే "గురువారానికి ఇచ్చేస్తానమ్మా" అంటాడు. సుశీల ఆయనను ప్రశ్న అడగదు, వంటింట్లోంచి వార్త చెబుతున్నట్టు చెబుతుంది. రవి వాక్యాలు సగంలో ఆగిపోతాయి. ఒక్కొక్కరికీ ఒక్కో అలవాటు, అంతకన్నా ఎక్కువ వద్దు.

ఏడో అడుగు: ముగింపు ఆయన చేతిలోంచే రావాలి

ముగింపుకు వచ్చేసరికి రచయితకు దయ పుడుతుంది. కంటి శిబిరం వాళ్లు సమయానికి వచ్చేస్తారు, అనసూయ పెళ్లి వాయిదా పడుతుంది, రవి కాళ్ల మీద పడి ఏడుస్తాడు. ఈ మూడూ నేను రాసి చూశాను. మూడింటిలోనూ నిర్ణయం తీసుకున్నది వీరాస్వామి కాదు. ముడి వేసింది ఆయన స్వభావమైతే విప్పడమో తెంపడమో కూడా ఆయనే చేయాలి. యాదృచ్ఛికత కథను మొదలుపెట్టవచ్చు, ముగించకూడదు.

మిగిలినవి రెండు దారులు. కత్తిరించి పాడుచేయడం, లేదా కత్తెర రవికి ఇవ్వడం. రెండోది ఓటమి అనుకుంటే కథ చప్పగా ఉంటుంది. ఇచ్చే పద్ధతిలో ఆయన ఎవరో కనబడాలి. చాలా రోజులు ఆలోచించి ఇలా రాశాను: పట్టు గుడ్డను బల్ల మీద పరుస్తాడు. గోడ మీది తల్లి ఆది జాకెట్టును దించుతాడు. రవిని పిలిచి, టేపు పక్కన పెట్టించి, ఆ జాకెట్టు మీద వేళ్లతో కొలతలు చెప్పడం మొదలుపెడతాడు. భుజం ఇంత, చంక ఇక్కడ, ఆవిడకు ఎడమ భుజం కాస్త దిగువ, కూతురికీ అలాగే ఉంటుంది చూడు. కళ్లు మూసుకునే చెబుతాడు. రవి సుద్దతో గీస్తుంటాడు. కత్తెర రవి చేతిలో ఉంది, మాస్టారు మాత్రం ఎవరో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆయన కోరుకున్నది దక్కలేదు. ఆయన భయపడినదీ జరగలేదు.

ఎనిమిదో అడుగు: తిరగరాయడం

గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి అచ్చైంది 1897లో. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం తలుచుకునే మధురవాణి నిండుగా ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. ఒకసారి అచ్చైన రచనను అంత పెద్ద రచయిత మళ్లీ విప్పి కుట్టుకున్నాడంటే, మన మొదటి ప్రతి మీద మనం మమకారం పెంచుకోవడానికి కారణం లేదు.

నేను తిరగరాసేటప్పుడు కథను గట్టిగా చదువుతాను. నాలుక తడబడిన వాక్యం కింద గీత గీస్తాను. "బాధపడ్డాడు", "కోపం వచ్చింది", "సిగ్గుపడ్డాడు" అన్న చోట్లన్నీ వెతికి, ఆ భావానికి బదులు ఆ మనిషి చేసిన పని రాయగలనా అని చూస్తాను. ప్రతి సన్నివేశం దగ్గర అడుగుతాను: దీని చివర ఎవరి పరిస్థితైనా మారిందా? మారకపోతే అది ఎంత అందంగా ఉన్నా తీసేస్తాను. ఎదుటి పాత్రల పది వాక్యాల కథలను మళ్లీ చదివి, వాళ్లకు నేను అన్యాయం చేసిన చోట్లు సరిచేస్తాను. తర్వాత రెండు వారాలు పక్కన పెట్టి, కథతో సంబంధం లేని ఒకరికి చదవడానికి ఇస్తాను. "బాగుందా?" అని అడగను. "ఎక్కడ పేజీ తిప్పాలనిపించలేదు?" అని అడుగుతాను.

సుశీల సూదులు మొదటి ప్రతిలో లేవు. అందులో ఆమె కాఫీ తెచ్చి ఇచ్చి వెళ్లిపోయేది. రెండో ప్రతిలో కంటి ఆసుపత్రికి వెళ్లమని భర్తతో గొడవపడింది. మూడోదానిలో, వీరాస్వామి ఉదయం కొట్టు తెరిచే వాక్యం రాస్తుండగా, చూపు సరిగా లేని మనిషి సూదిలో దారం ఎలా ఎక్కిస్తున్నాడన్న ప్రశ్న వచ్చింది. జవాబు వెతికితే ఆమె దొరికింది. ఆ రాత్రి మొదటి పేజీ మొత్తం కొట్టేసి, పది సూదులతో కథ మళ్లీ మొదలుపెట్టాను.